దాగిన గుర్తులా, తెరచిన కన్నులా?



మన పల్లె బిడ్డలు చాలామంది ఇప్పుడు మియాపూర్‌లో గదులు తీసుకుని, హైటెక్ సిటీ ఆఫీసులకు వెళ్లివస్తూ, ఆదివారపు వాక్యం ఫోనులో వింటున్నారు. వారిలో ఒక సహోదరి తన హాస్టల్ గోడకు ఒక సిలువ బొమ్మ అంటించుకుంది. దాని ఫోటో మన వాట్సాప్ గ్రూపులోకి రాగానే, "అందులో త్రికోణం దాచారు, అది సాతాను గుర్తు, చింపేయమ్మా" అని కొందరు, "మేకులు లేని సిలువేమిటి?" అని మరికొందరు వ్రాశారు. ఆ బిడ్డకు భయం పట్టుకుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ బొమ్మను స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1951లో గీశాడు. పేరు 'క్రైస్ట్ ఆఫ్ సెయింట్ జాన్ ఆఫ్ ద క్రాస్'. 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసి యోహాను గీసిన ఒక చిన్న రేఖాచిత్రం దానికి ఆధారం. డాలీ అధివాస్తవిక చిత్రకారుడు. అంటే, కలలో కనబడినట్టు వస్తువులను వింతగా కలిపి చూపేవాడు.

త్రికోణం ఉన్నమాట నిజమే. చాచిన రెండు చేతులు, కింద పాదాలు కలిసి తలకిందులైన త్రికోణం. మధ్యలో వంగిన శిరస్సు ఒక వృత్తం. కానీ ఎవరూ దాచలేదు. త్రికోణంలోనే క్రీస్తును అమర్చానని డాలీయే వ్రాశాడు. చాలామంది అందులో త్రిత్వమును చూశారు. మేకులు, రక్తం, ముళ్లకిరీటం లేకపోవడం కూడా తన కలను బట్టి చేసిన పనేనని అతడు చెప్పాడు. మనకైతే ఒకటి తోస్తుంది: ప్రభువును సిలువపై నిలిపింది ఇనుము కాదు, ప్రేమ.

డాలీ 1931లో మెత్తగా వేలాడే గడియారాల బొమ్మ వేశాడు. అందులో ఐన్‌స్టీన్ సిద్ధాంతం దాగి ఉందా అని అడిగితే, ఎండకు కరిగే చీజ్‌ను చూసి తోచిందన్నాడు. మనం ఎంతో లోతుకు తవ్వుతాం. అర్థం పైనే ఉంటుంది.

వాక్యం మనకు నేర్పేదీ అదే. విత్తువాని ఉపమానానికి ప్రభువే శిష్యులకు అర్థం చెప్పాడు. ప్రకటన గ్రంథంలో దీపస్తంభములంటే సంఘములని అక్కడే ఉంది. గుర్తు ఇచ్చేది భయపెట్టడానికి కాదు, గ్రహింపు కలిగించడానికి. నాతాను గొర్రెపిల్ల కథ చెప్పినప్పుడు బయటపడింది నాతాను రహస్యం కాదు, దావీదు హృదయం. మంచి బొమ్మ కూడా చూసేవాని లోపలినే బయటపెడుతుంది.

"డాలీ జీవితం భక్తిగలది కాదు కదా" అంటారేమో. నిజమే, అతని ధనాశను తోటి కళాకారుడు ఆంద్రే బ్రెటన్ వెక్కిరించాడు కూడా. అయితే దేవుడు బిలాము గాడిద నోట కూడా మాట పలికించాడు కదా!

తొందరపాటు తీర్పు ఎంతకు తెస్తుందో ఈ బొమ్మ చరిత్రే చెబుతుంది. గ్లాస్గో నగరం 1952లో దీన్ని 8,200 పౌండ్లకు కొంటే కళావిద్యార్థులే సంతకాలు చేసి వ్యతిరేకించారు. 1961లో చూడవచ్చిన ఒకడు రాయితో కొట్టి గుడ్డను చింపాడు. మ్యూజియం వారు ఓపికగా అతికారు. నేటికీ అది అక్కడి కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉంది. గుడ్డను అతకవచ్చు. మన ఫార్వర్డ్ మెసేజీతో చినిగిన ఒక బిడ్డ మనసును అతకడం అంత సులభమా?

కాబట్టి ప్రియులారా, బొమ్మను ముందు తీరిగ్గా చూడండి. చేసినవాడు ఏమన్నాడో తెలుసుకోండి. లేనిదాన్ని అంటగట్టకండి. తెలియకపోతే మౌనంగా ఉండండి. మౌనం పాపం కాదు.

మరొక్క మాట. అందరూ త్రికోణం వెదికారు గాని, ఆ సిలువ కింద ఏముందో ఎవరూ అడగలేదు. సముద్రపు ఒడ్డు, పడవలు, పనిలో ఉన్న జాలరులు ఉన్నారు. అది డాలీ నివసించిన పోర్ట్ లిగాట్ తీరం. ప్రభువు ముఖం మనకు కనబడదు, ఎందుకంటే ఆయన శిరస్సు కిందికి, వారివైపు వంగి ఉంది. రేపు మియాపూర్ మెట్రో మెట్లు ఎక్కేటప్పుడు, అక్కడ ఊడ్చే అక్కను, కాపలా కాసే తాతను ఒకసారి చూడండి. సిలువ వారిమీదికి కూడా వంగి ఉంది. అందులో రహస్యమేమీ లేదు.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.