చిన్నవాడైన తాతయ్య



ఒక తాతయ్య ఉన్నట్టుండి తన మనవరాలి ఈడు పిల్లవాడైపోతే ఎలా ఉంటుంది? జపానువారి బొమ్మల ధారావాహిక "డ్రాగన్ బాల్ జీటీ"లో గోకు అనే వీరుడికి అదే జరుగుతుంది. మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు. మా పరకాలలో పిల్లలు దాని మీద రెండు జట్లుగా చీలి పోట్లాడుకున్నారు. "అది ఉత్త చెత్త!" అన్న జట్టుదే గొంతు పెద్దది. ఒక కుర్రవాడు అంతసేపూ పెదవి విప్పలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "సార్, నాకది మంచిగనే ఉంది. నాకు తెలివి తక్కువంటారా?" అన్నాడు.

జవాబు చెప్పేముందు ఆ కథ పుట్టుక కాస్త తెలుసుకుందాం.

అకిరా తోరియామా అనే చిత్రకారుడు 1984లో "డ్రాగన్ బాల్" బొమ్మల కథ మొదలుపెట్టి 1995లో ముగించాడు. దాన్నిబట్టి తీసిన "డ్రాగన్ బాల్ జెడ్" 291 భాగాలు నడిచి, 1996 జనవరిలో అయిపోయింది. మరుసటి నెలలోనే జీటీ వచ్చింది. ముఖ్యపాత్రల రూపాలు తోరియామా గీసి ఇచ్చాడు గాని, కథ అల్లినది ఇతరులు. అది 64 భాగాలతో 1997లో ముగిసింది.

లోపాలు లేవా? ఉన్నాయి. మొదట్లో కథ నత్తనడక నడుస్తుంది. మనవరాలు పాన్ ఎంత ధైర్యవంతురాలైనా చివరికి గెలుపు గోకుదే. తక్కినవారు చూస్తూ నిలబడవలసిందే. గోకు చిన్నవాడు కావడమే పెద్ద తప్పని కొందరంటారు. అది మాత్రం నేను ఒప్పను. 2024లో వచ్చిన "డ్రాగన్ బాల్ డైమా"కు కథ సమకూర్చినవాడు తోరియామాయే. అందులోనూ గోకు చిన్నవాడవుతాడు! తప్పు ఆలోచనలో లేదు, నడపడంలో ఉంది.

మరి బాగున్నదేమిటి? ఏడాదిలోగా ఏడు మాయాగోళాలూ తేకపోతే భూమి పేలిపోతుంది. వాటికోసం తాతా మనవరాలూ, స్నేహితుడు ట్రంక్సూ ఒకే ఆకాశనౌకలో గ్రహం వెంట గ్రహం తిరుగుతారు. చివర నూరేళ్ళు గడిచిపోతాయి. ముసలిదైన పాన్ జనం మధ్య తన తాతయ్యను ఒక్క క్షణం చూస్తుంది. అక్కడ నా కళ్ళు చెమ్మగిల్లాయి.

ఒకరి కథను మరొకరు సాగించడం మనకు కొత్తగాదు. మా ఓరుగల్లు సీమలోని బమ్మెర పోతనగారి ఊరని ప్రతీతి. ఆయన పేరుతో చదివే భాగవతంలో ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ రాశారు. పోతన పద్యాల తీపి వాటిలో లేదని పెద్దలు అంటూనే ఉంటారు. కాని అజామిళుడి కథ ఆ ఆరో స్కంధంలోనిదే గదా! "ఇది పోతనది కాదు" అని పుటలు తిప్పేస్తే ఆ కథ పోగొట్టుకునేది మనమే. లోపం చూసి కూడా ఆనందించగలిగినవాడికి తెలివి తక్కువని ఎవరనగలరు?

కాబట్టి మీరొక పని చేయండి. మీకిష్టమైన కథ ఒకటి తీసుకోండి. నోటుబుక్కులో పుట మధ్య గీత గీసి, ఎడమవైపు నచ్చినవి, కుడివైపు నచ్చనివి రాయండి. ప్రతిదానికీ ఎందుకో రాయాలి సుమా! "చెత్త", "సూపర్" అనే మాటలు పనికిరావు. కుడివైపు నిండిపోయిందని ఎడమవైపు రాసినవి కొట్టివేయకండి. మీ నేస్తాన్ని కూడా అదే కథ మీద రాయమనండి. తరువాత రెండు పుటలూ పక్కపక్కన పెట్టి చూసి, ఏం తేలిందో నాకు ఉత్తరం రాయండి.