గర్భిణికి ఉపవాసం కాదు, ముందు పళ్లెం

న్యాయాధిపతులు 13వ అధ్యాయంలో దేవదూత మానోహ భార్యకు కుమారుడు పుడతాడని చెప్పి, వెంటనే ఆమె ఏమి తాగకూడదో, ఏమి తినకూడదో చెప్పాడు. బిడ్డను ఎలా పెంచాలని మానోహ అడిగినప్పుడూ తల్లి ఆహారం సంగతే మళ్లీ చెప్పాడు. పెంపకం తల్లి పళ్లెంలోనే మొదలవుతుందన్నమాట.

వైద్యులూ అదే చెబుతున్నారు. బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమనే తెలియదు. అందుకే ఫోలిక్ యాసిడ్ ముందునుంచే అందాలి. ఐరన్, అయోడిన్ తగ్గినా మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశ గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది.

దీనికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది కోడలికి. బిడ్డ లావైతే కాన్పు కష్టమని తిండి తగ్గించే ఇళ్లూ ఉన్నాయి. ఇక శ్రమల దినాల్లో నిండు గర్భిణి ఉపవాసముంటే భక్తిపరురాలని మెచ్చుకుంటాం. ఈ తప్పులో కాపరులమైన మాకూ వాటా ఉంది. రేపు ఆ బిడ్డ సండే స్కూల్లో వాక్యం కంఠతా చెప్పలేకపోతే "మొద్దు" అనేదీ మనమే. చదువులో వెనకబడిన ప్రతి బిడ్డకూ కారణం ఇదే అనడం లేదు. పుట్టాక మంచి తిండి, ఆప్యాయత ఎంతో సరిదిద్దగలవు. కానీ తల్లిని నిందించే ముందు, ఆమెకు వడ్డించని మనల్ని ప్రశ్నించుకోవాలి.

2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికి, కాన్పు తర్వాత ఆరు నెలల వరకు తల్లికి, అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం హక్కు. అది దయాధర్మం కాదు. అయినా మన కాలనీల్లో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి స్థానిక భాష రాదు, అడగడానికి బెరుకు.

యౌవనులారా, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మీకు వచ్చు. ఆ అక్కను వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి వెళ్లి పేరు రాయించండి. ఐరన్ మాత్రలు టీతో కాక నీళ్లతో వేసుకోమని చెప్పండి. కాపరులారా, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం ఉండనక్కర్లేదని వేదిక మీదనుంచే ప్రకటిద్దాం.

కొరింథు సంఘంలో కొందరు కడుపునిండా తిని, కొందరు ఆకలితో ఉన్నందుకు పౌలు గద్దించాడు. వచ్చే ప్రేమవిందులో మొదటి పళ్లెం, గుడ్డుతో సహా, గర్భిణి చేతికే ఇద్దాం. ఆ అలవాటు అక్కడినుంచి మన ఇళ్లకూ రావాలి.