తెల్లమట్టిలో కొండాకోనా

మీ ఇంట్లో పింగాణీ టీ కప్పును ఒక్కసారి బోర్లించి చూడండి. అడుగున, మెరుపు పూత అంటని చోట గరుకుగా ఓ తెల్లటి వలయం కనిపిస్తుంది. కప్పు అసలు ఒళ్లు అదే... మట్టి! వాష్‌బేసిన్, వంటింటి గోడ టైలు, కరెంటు స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్... అన్నీ ఆ మట్టి బిడ్డలే. అలాంటి మట్టి దొరికే చోట్లలో మన చిన్న తిరుపతి ఒకటి. ఏలూరు జిల్లా ద్వారకా తిరుమల చుట్టుపక్కల నేలలో 'బాల్ క్లే' నిక్షేపాలున్నాయి. సెరామిక్ పరిశ్రమకు పిండిలో జిగురులాంటిది ఈ మట్టి. ఇది కలవకపోతే ముద్ద ఒక పట్టాన మాట వినదు.

ఈ కొండకు మట్టితో బంధం పురాణాల నాటిది. ద్వారకా మహర్షి తపస్సుకు మెచ్చి స్వామి వెలిసింది పుట్టలోనేనంటారు. గర్భాలయంలో స్వయంభువు పైభాగమే కనిపిస్తుంది. పాదాలు పుట్టలో ఉన్నాయని నమ్మకం. అందుకే వెనక మరో నిండు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. చుక్క నీరు పడినా పుట్టలోని ఎర్రచీమలు కదులుతాయని మూలమూర్తికి అభిషేకం చేయరు!

భూగర్భ శాస్త్రవేత్తలకూ ఈ కొండ అంటే గౌరవమే. వాళ్ల పుస్తకాల్లో 'తిరుపతి ఇసుకరాయి' అని ఓ పేరు ఉంటుంది. అది ఏడుకొండల రాయి అనుకుంటే పొరపాటు. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి ప్రాంతాన్ని సర్వే చేసినవాళ్లు ఈ చిన్న తిరుపతిని చూసి పెట్టిన పేరు అది. దాని కింద రాఘవాపురం పొరలు. అందులో సముద్ర జీవుల శిలాజాలు దొరికాయి. పది కోట్ల ఏళ్లకు పైబడిన కథ. ఇప్పుడు భక్తులు మెట్లెక్కే ఈ మెట్ట సీమ దాకా ఒకప్పుడు సముద్రం వచ్చిపోయిందన్నమాట!

మూడు రంగుల నేల

కొల్లేటి గట్టు నుంచి ఏలూరు, భీమడోలు మీదుగా ద్వారకా తిరుమలకు బస్సెక్కితే చాలు, కిటికీలోంచి మట్టి రంగులు మారుతూ కనిపిస్తాయి. కొల్లేరు వైపు నల్లటి ఒండ్రు. పైకొచ్చేకొద్దీ ఎర్రనేల. ఆ ఎర్రనేల కడుపులో తెల్లమట్టి.

మూడింటి స్వభావాలూ వేరు. ఒండ్రులో ఇనుము పాలు ఎక్కువ. కాలిస్తే ఎర్రబడుతుంది. కుండకు, పెంకుకు, ఇటుకకు సరిపోతుంది. వేడి మరీ పెంచితే మాత్రం ఉబ్బి, కుంగిపోతుంది. తెల్లమట్టి కథ మరోటి. రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం లక్షల ఏళ్లు నాని, శిథిలమై చైనా క్లే అవుతుంది. నీళ్లు ఆ మట్టిని మోసుకుపోయి, దారిలో గరుకంతా వదిలేసి, మెత్తటి నలుసుల్ని నిలకడ నీటిలో పేరిస్తే బాల్ క్లే. వేళ్ల మధ్య నలిపితే వెన్నలా సాగుతుంది. 1,200 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడినీ తట్టుకుని తెల్లగా తేలుతుంది.

చిత్రకారుడు కొండను చూసి రంగులతో కొండ బొమ్మ వేస్తాడు. సెరామిక్ శిల్పి కొండలోని మట్టితోనే కొండను చేస్తాడు. నేలను నీళ్లు మెత్తబరిచినట్టు తడుపుతాడు. ఎండ బీటలు తీసినట్టు ఆరబెడతాడు. భూగర్భంలోని వేడి రాయిని చేసినట్టు కాలుస్తాడు. లక్షల ఏళ్ల పనిని కొన్ని రోజుల్లో చేయాలన్న సాహసం అది. ఆరితేరిన చేతికి కూడా ఓటమి తప్పదు. తడి ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. ఒకచోట మందం, ఒకచోట పలచన ఉంటే పగులే!

గిన్నె అంచు మీద దిగంతం

అమెరికాలో వేన్ హిగ్బీ అనే సెరామిక్ శిల్పి ఉన్నారు. 1943లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టారు. చుట్టూ రాకీ పర్వతాలు, ఎర్రరాతి లోయలు. 1973 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్‌ఫ్రెడ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే, చిన్ననాటి ఆ నేలను మట్టిలోకి తెచ్చుకున్నారు. ఆయన చేసిన పెద్ద పెద్ద గిన్నెల మీద కొండచరియ బయటివైపు మొదలవుతుంది. అంచు ఎక్కి, లోపలికి దిగుతుంది. అంచే దిగంతం. లోపలి ఖాళీయే ఆకాశం, ఒక్కోసారి సరస్సు!

ఆ గిన్నెలకు ఆయన వాడింది 'రాకు' పద్ధతి. పదహారో శతాబ్దపు జపాన్‌లో టీ గిన్నెల కోసం పుట్టింది. ఇప్పటి శిల్పులు దానికి మరో మెలిక జోడించారు. ఎర్రగా కణకణలాడుతున్న పాత్రను పట్టకారుతో బయటికి లాగి, రంపపు పొట్టులోనో ఎండుటాకుల్లోనో వేసి మూత పెడతారు. పొగ పట్టిన చోట మట్టి నల్లబడుతుంది. పూత సన్నగా నెర్రెలిస్తుంది. వేసవిలో ఎండిన చెరువు గుర్తొస్తుంది చూస్తే. తర్వాత హిగ్బీ 'ఎర్త్‌క్లౌడ్' పేరుతో ఆల్‌ఫ్రెడ్‌లోని రంగస్థల భవనం గోడల మీద మరో నేలను పరిచారు. సుమారు 12,000 పింగాణీ పలకలు. మొదటి భాగం 2006లో, పూర్తి రూపం 2012లో.

మన దగ్గర? హైదరాబాద్‌లో కళ నేర్చుకుని, బరోడాలో సెరామిక్స్ చదివి, ఢిల్లీ చేరిన పి.ఆర్. దరోజ్ మట్టిని బల్ల మీది పాత్ర స్థాయి నుంచి ద్వారాలు, గోడల స్థాయికి పెంచారు. ఇక నేలను రూపంగా మార్చడం మన పక్క ఊళ్లకే కొత్త కాదు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహల్నే చూడండి. క్రీస్తుపూర్వమే అక్కడి బౌద్ధులు ఇసుకరాతి కొండను తొలిచి గుండ్రటి చైత్యం చేశారు. తలెత్తి చూస్తే కప్పు మీద రాతి వాసాలు! పూరిపాక కప్పును కొండలోకి ఎక్కించేశారు. చుట్టూ ఉన్నదాన్ని కళ్లు విప్పి చూసినవాళ్ల పని అది.

ఆవానికి అందని మట్టి

మరి అంత మంచి తెల్లమట్టి ఉన్నచోట దాని కళ ఎందుకు పుట్టలేదు? జవాబు ఆవంలో ఉంది. కుమ్మరి ఆవం వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీలు. చెరువు మట్టికి అది చాలు. తెల్లమట్టి రాయిలా గట్టిపడాలంటే ఇంకో మూడు నాలుగు వందల డిగ్రీలు కావాలి. అందుకే ఊళ్లో సారె తిరిగినా, ఊరి పక్కనే తెల్లమట్టి ఉన్నా ఆ రెంటికీ జత కుదరలేదు. మట్టి లారీలెక్కింది. ఫ్యాక్టరీలో టైలు అయింది. దాని మీద ఇటలీ చలువరాయి బొమ్మ అచ్చు వేయించుకుని తిరిగి మన హాల్లోకి వచ్చింది. మన నేల మీద పరాయి నేల బొమ్మ! ఈలోగా స్టీలు, ప్లాస్టిక్ వచ్చి కుమ్మరి సారెనూ నెమ్మదింపజేశాయి. తవ్విన చోట గొయ్యి మిగిలింది.

కొల్లేరుదీ ఇలాంటి బాధే. 1999లో అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. అయినా తాతలు చెప్పే కొల్లేరు మనవలకు తెలియదు. నేల రూపు మారిపోయేటప్పుడు దాన్ని గుర్తుపెట్టుకునేది ఎవరు? ఫొటో కొంత. పాట కొంత. వేల ఏళ్లు నిలిచేది కాల్చిన మట్టే. తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్తల చేతికి చిక్కేది కుండపెంకులే కదా!

దీనికి కోట్లేమీ అక్కర్లేదు. 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు పాండిచ్చేరిలో 'గోల్డెన్ బ్రిడ్జ్ పోటరీ' పెట్టారు. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు దేశంలోని సెరామిక్ కళకే ఓ దారి చూపారు. ద్వారకా తిరుమల దరిదాపుల్లో అంత వేడినిచ్చే గ్యాసు బట్టీ ఒక్కటి, నేర్పే గురువు ఒకరు ఉంటే? సారె తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. మట్టి కాళ్ల కిందే ఉంది. అటు కొల్లేటి కొంగలు, ఇటు శేషాచలం ఒంపులు... చూడ్డానికి కళ్లుంటే చాలు.

పెద్ద తిరుపతి మొక్కు ఇక్కడ తీర్చుకోవచ్చు గానీ, చిన్న తిరుపతి మొక్కు మాత్రం ఇక్కడే చెల్లించాలంటారు. ఈ మట్టికి పడిన బాకీ కూడా అలాంటిదే!