పందెం కుక్క ఇంటికి వస్తే

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పరుగు పందేల నుంచి తప్పించిన గ్రేహౌండ్ కుక్కను ఇంటికి తెచ్చుకుంటామంటున్నాడు. మనవడికి రెండున్నరేళ్ళు. వచ్చే నెలలో మేమిద్దరం అక్కడికి వెళ్ళి ఆరు నెలలు ఉంటాము. నాకు 63 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. మావారికి ఉబ్బసం. పందెం కుక్క అంటే నాకు భయంగా ఉంది. వద్దని చెప్పమంటారా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: వద్దని చెప్పనక్కరలేదమ్మా. కాని కుక్క కంటే ముందు ఆ ఇంట్లోకి కొన్ని నియమాలు రావాలి.

గ్రేహౌండ్స్ అనగానే మనవాళ్ళకు 1989లో ఏర్పడిన పోలీసు దళం గుర్తుకు వస్తుంది. పేరు విని భయపడడం సహజమే. కుక్క స్వభావం మాత్రం వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే మాట నిజమే గాని, ఆ పరుగు అర నిమిషం ముచ్చట. మిగతా రోజంతా పడుకునే ఉంటుంది. ఎక్కువ భాగం సాధు జంతువులే. మూడు నుంచి అయిదేళ్ళ వయసులో పందేలకు పనికిరాదని పక్కన పెడతారు. అప్పటికి ఇంకా ఏడెనిమిదేళ్ళ ఆయుష్షు మిగిలి ఉంటుంది. 2018లో మకావులో పందేల మైదానం మూసినప్పుడు అయిదు వందలకు పైగా కుక్కలకు ఇళ్ళు వెతకవలసి వచ్చింది. మీ అబ్బాయి తలపెట్టింది మంచి పనే.

ఇక ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. ఈ కుక్క పుట్టి పెరిగింది కొట్టంలో, ఒంటరి గదిలో. నిద్రలో దానిని ముట్టుకున్నవారు లేరు. అలాంటి కుక్కను నిద్రలో హఠాత్తుగా తాకితే, ఎవరో ఏమిటో తెలిసేలోగా ఉలిక్కిపడి నోరు వేస్తుంది. అది కోపం కాదు, బెదురు. పైగా కొన్ని గ్రేహౌండ్లు కళ్ళు తెరుచుకునే నిద్రపోతాయి. మెలకువగా ఉందనుకుని పసివాడు వెళ్ళి మీద పడుకున్నాడనుకోండి, వాడి ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. పసిపిల్లలకు కుక్కకాట్లు ఎక్కువగా ముఖం మీద, మెడ మీద పడడానికి కారణం ఇదే.

అందుచేత మొదటి నియమం: కుక్క పడకను నలుగురూ తిరిగే దారిలో కాక ఒక మూలగా వేయించండి. అక్కడికి మనవడు పోకుండా చిన్న తలుపు గాని, అడ్డు గాని పెట్టించండి. పెద్దవాళ్ళు కూడా దూరం నుంచే పేరు పెట్టి పిలిచి, అది తల ఎత్తిన తరువాతనే దగ్గరకు వెళ్ళాలి. అది తింటున్నప్పుడు కదిలించరాదు. మనవడినీ కుక్కనూ ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలవద్దు. "మా కుక్క ఏమీ అనదు" అనే మాట మీద పసివాడిని వదలకూడదు.

రెండవది మీ గురించి. ఈ కుక్క బరువు సుమారు 30 కిలోలు. వాసన కంటే చూపుతో వేటాడే జాతి. దారిలో పిల్లి కనిపిస్తే ఒక్క ఉదుటున లంఘిస్తుంది. తాడును మణికట్టుకు చుట్టుకుని నడిచే వారు అప్పుడు నేల మీద పడతారు. మీ వయసులో ఎముకలు గుల్లబారి ఉంటాయి. మణికట్టు విరిగితే ఆరు వారాలకు అతుకుతుంది. తుంటి విరిగితే మంచం మీద పడవలసి వస్తుంది. కనుక దానిని తిప్పే పని మీ అబ్బాయికో, కోడలికో వదిలేయండి. ఆ రాష్ట్రంలో పెంపుడు గ్రేహౌండ్‌కు మూతికి చిక్కం తప్పనిసరి అన్న నిబంధన 2019 జనవరి 1 నుంచి తొలగింది. తాడు మాత్రం ఉండితీరాలి.

మీవారి ఉబ్బసం సంగతి. వెంట్రుకలు పొట్టిగా ఉన్నంత మాత్రాన ఇబ్బంది ఉండదనుకోవద్దు. పడనిది వెంట్రుక కాదు, కుక్క లాలాజలమూ చర్మం పొట్టూ. కుక్కను ఖాయం చేసుకోకముందే మీవారు రెండు మూడుసార్లు దాని దగ్గర గంటసేపు కూర్చుని చూడాలి. అందుకోసం మీరు వెళ్ళేదాకా ఆగమని మీ అబ్బాయికి వ్రాయండి. తుమ్ములు, ఆయాసం వస్తే ఆలోచించుకోవలసిందే. ఏమీ రాకపోయినా కుక్కను పడకగదిలోకి రానీయవద్దు. పీల్చే మందు ఎప్పుడూ దగ్గర ఉండాలి.

కొట్టాలలో పెరిగిన కుక్కలకు కొంకి పురుగులు సాధారణం. వాటి పిల్లలు మట్టిలో ఉండి వట్టి కాళ్ళ చర్మం గుండా మనుషుల్లోకి వస్తాయి. కుక్కకు పేడ పరీక్ష చేయించి మందు వేయించాలి. మలం రోజూ ఎత్తివేయాలి. పెరట్లో మనవడు చెప్పులతో తిరగాలి. అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి.

మనం ముద్దుగా పెట్టేవి కుక్కకు విషం కావచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు. పాయసంలో కిస్‌మిస్ కూడా ద్రాక్షే. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి చలికాలంలో దానికి కోటు కావాలి. కొన్ని మత్తుమందుల నుంచి ఈ జాతి ఆలస్యంగా తేరుకుంటుంది. కనుక ఆపరేషన్ ఏదైనా గ్రేహౌండ్లను ఎరిగిన పశువైద్యుని చేతనే చేయించాలి.

ఎంత జాగ్రత్తపడినా పన్ను గీరుకుంటే, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం టీకా అవసరమేమో ఆయన చెబుతారు. ఆస్ట్రేలియాలో కుక్కలకు రేబిస్ లేదు. అక్కడి ధైర్యం ఇక్కడ పనికిరాదు. తిరిగి వచ్చాక మన వీధి కుక్క కరిస్తే, పసుపు, కారం అద్దకుండా ఇలాగే కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకాలు మొదలుపెట్టాలి. నెల రోజుల వరుసలో ఒక్కటీ మానకూడదు.

ఈ నియమాలన్నీ అబ్బాయికి ఇప్పుడే వ్రాయండి. వాటికి ఆ ఇంట్లో అందరూ ఒప్పుకుంటే కుక్కను తెచ్చుకోమనండి. పడక దగ్గర అడ్డు పెట్టడానికే తీరిక లేదంటే మాత్రం మనవడు బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా ఆగమనండి.