'మినహాయింపు' అంటే సరిపోతుందా?

ఇంగ్లీషులో 'గో'కు భూతకాలం 'గోడ్' అని వ్రాస్తే మార్కులు పోతాయి. 'వెంట్' అని వ్రాయాలి. ఎందుకండీ అని అడిగితే "అది మినహాయింపు, బట్టీ పట్టు" అంటారు. ఇది సమాధానం కాదని నా అభిప్రాయం. రాయి కిందికే ఎందుకు పడుతుందని అడిగే విద్యార్థి, మాట ఇలా ఎందుకు మారిందని అడగకూడదా? దానికీ కారణం ఉంది. వెతికితే దొరుకుతుంది కూడా.

ఒక్క 'వెళ్ళు' అనే క్రియనే తీసుకుందాం. పూర్వం రోమనులు మాట్లాడిన లాటిన్ నుంచి ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్, రుమేనియన్ మొదలైనవి పుట్టాయి. వీటిని రొమాన్సు భాషలంటారు. ఫ్రెంచివాడు 'నేను వెళుతున్నాను' అనడానికి 'వే' అంటాడు. 'మేము వెళుతున్నాం' అయితే 'అలోఁ'. 'నేను రేపు వెళతాను' అయితే 'ఇరే'. మూడూ ఒకే క్రియ రూపాలంటే నమ్మగలరా?

నిజానికి అవి మూడు వేరు వేరు లాటిన్ క్రియలు. 'వే'కు మూలం 'వాదెరె', అంటే వడిగా సాగిపోవడం. 'అలోఁ'కు మూలం 'అంబులారె', నడవడం అని చాలామంది పండితులు చెబుతారు. 'ఇరే'కు మూలం 'ఈరె'. రోమనులకు వెళ్ళడానికి అసలు మాట ఇదే.

మరి అసలు మాట ఉండగా కొసరు మాటలెందుకు? 'ఈరె' రూపాలు మరీ పొట్టివి. 'నువ్వు వెళుతున్నావు' అంటే 'ఈస్'. 'వెళ్ళు' అని ఆజ్ఞాపించాలంటే ఒక్క 'ఈ' అచ్చు! సంత గోలలో ఇది ఎవరికి వినపడుతుంది? పైగా వాడుకలో మాటల చివరి ధ్వనులు అరిగిపోతుంటాయి. అందుకని జనం కాస్త బొద్దుగా ఉన్న 'వాదెరె'ను పట్టుకున్నారు. 4వ శతాబ్దం చివర మొదలైన లాటిన్ బైబిలు అనువాదంలో 'వెళ్ళు' అనే ఆజ్ఞకు 'వాదె' అన్న మాటే మాటిమాటికీ కనిపిస్తుంది. ఇంకో సాక్ష్యం చూడండి. 'ఈముస్', 'ఈతిస్' అనే రెండక్షరాల రూపాలు అంత త్వరగా పోలేదు. మధ్యయుగపు స్పానిష్‌లో అవి 'ఇమోస్', 'ఇదెస్'గా బతికే ఉన్నాయి. పొట్టివే ముందు పోయాయన్నమాట!

స్పానిష్‌వాడు ఇంకో చిత్రం చేశాడు. అతని 'ఫుయ్'కు 'వెళ్ళాను' అనీ అర్థమే, 'ఉన్నాను' అనీ అర్థమే. 'ఉండు' క్రియ నుంచి అరువు తెచ్చుకున్నాడు. మనమూ "ఢిల్లీలో నాలుగు రోజులుండి వచ్చాను" అంటే వెళ్ళాననే కదా! రుమేనియన్‌లో వెళ్ళడానికి వాడే 'మెర్జె' మునగడం అనే అర్థంగల లాటిన్ మాట నుంచి వచ్చింది.

మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. హిందీలో 'జానా' భూతకాలం 'గయా'. మొదటిది సంస్కృతంలోని 'యా' ధాతువు, రెండోది 'గమ్'. ఇంగ్లీషు 'వెంట్' కూడా 'వెండ్' అనే మరో క్రియకు భూతకాలమే. తెలుగులో 'పద', 'పదండి' అంటాం గాని 'నిన్న పదాను' అని ఎవరూ అనరు, 'వెళ్ళాను' అనే అంటారు.

ఈ వింతలన్నీ తరచుగా వాడే మాటల్లోనే ఎందుకుంటాయి? రోజూ వందసార్లు వినే రూపం పసివాడి నాలుకకు ముందే అలవాటైపోతుంది, సూత్రం తరువాత వస్తుంది. అరుదైన మాటను మాత్రం గుర్తురాక సూత్రం ప్రకారమే చెప్పేస్తాడు. దీన్ని లెక్కగట్టారు కూడా. 2007లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన ప్రాచీన ఇంగ్లీషులోని 177 అక్రమ క్రియలను పరిశీలించింది. ఇప్పటికి 98 మాత్రమే అలాగే మిగిలాయి. వాడకం 100 రెట్లు తక్కువైన క్రియ 10 రెట్లు వేగంగా సూత్రానికి లొంగుతుందని తేల్చింది.

కనుక 'గోడ్' అన్న పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. సూత్రాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు. పాఠ్యపుస్తకంలో అక్రమ క్రియల పట్టిక కింద రెండు వాక్యాల చరిత్ర చేర్చితే ఏం పోతుంది? పరీక్షకు సమయం చాలదంటారేమో. కారణం తెలిసిన మాటను పదిసార్లు వల్లె వేయనక్కరలేదు, ఆ సమయం మిగలదా?

ఫ్రెంచిలో కొన్ని రూపాలకే పరిమితమైన ఆ ముసలి 'ఈరె'ను చూడాలని ఉందా? ఈసారి సినిమా హాలులో తలుపు పైన దీపం వంక చూడండి. 'ఎగ్జిట్' అని ఉంటుంది. 'ఎక్స్' అంటే బయటికి, 'ఇట్' అంటే వెళుతున్నాడు.