గొర్రెపిల్లను చూడండి, తెచ్చినవాణ్ణి కాదు

మన సంఘాల్లో ఎవరైనా చనిపోయినప్పుడు పాస్టరుగారు పెట్టె పక్కన నిలబడి ఏం చెబుతున్నారో చెవి పెట్టి వినండి. ఆమె ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు. దశమభాగం ఠంచనుగా ఇచ్చింది. ఉపవాస ప్రార్థనకు అందరికంటే ముందొచ్చి చాపలు పరిచింది. ఇంత మంచిమనిషి పరలోకానికి వెళ్ళక ఇంకెక్కడికి వెళ్తుంది? అంతటితో ప్రసంగం అయిపోతుంది. సిలువ ఊసే ఉండదు. అదే పెట్టెలో తాగి తాగి లివరు చెడి పోయిన ఆటోడ్రైవరు ఉంటే అయ్యగారి గొంతు పడిపోతుంది. నిరీక్షణ గురించి రెండు ముక్కలు నసిగి, బతికున్నవాళ్ళకు మందు మానమని బుద్ధి చెప్పి, మట్టి వేయించి వెళ్ళిపోతారు. నారాయణగూడ సమాధుల తోటలో ఈ రెండు రకాల ప్రసంగాలూ విన్నాను. మొదటిది విని ఆ ఇంటివాళ్ళు పొంగిపోయారు. రెండోది విని భార్యాపిల్లలు తల దించుకున్నారు. రెండూ ఒకే అబద్ధం. మనిషి మంచితనమే పరలోకపు తలుపు తీస్తుందన్న అబద్ధం.

అదే నిజమైతే క్రీస్తు ఎందుకు చచ్చిపోయినట్టు? గలతీయులకు పౌలు అంత మండిపడుతూ రాసిన పత్రికలో అడిగింది ఇదే. మంచిగా బతకడం సరిపోయేదైతే దేవుడి కుమారుడి రక్తం అనవసరం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. పాతబస్తీలో డాబాల మీది రేకుల షెడ్లలో, అద్దె హాళ్ళలో కూడుకునే మన సంఘాలకు సిలువ గోడ మీది బొమ్మగా మిగిలింది. దాని కింద కూర్చుని మనుషుల మార్కులు లెక్కపెడుతున్నాం.

బలి అంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరూ పుస్తకంలో చదవక్కర్లేదు. లాల్‌దర్వాజ బోనాల్లో చూస్తాం, బక్రీదుకు చూస్తాం. పండగ దగ్గరపడుతుంటే చాంద్రాయణగుట్ట వైపు రోడ్ల పక్కన పొట్టేళ్ళు దిగుతాయి. కొనడానికొచ్చినవాడు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. ‘దో దాంత్ హై క్యా?’ అని అమ్మేవాణ్ణి అడుగుతాడు. కన్ను చూస్తాడు, చెవి తెగిందేమోనని తడుముతాడు, నాలుగడుగులు నడిపించి కుంటుతోందేమో చూస్తాడు. వీపు మీద చెయ్యేసి ఒత్తి చూస్తాడు. ఖుర్బానీ పాపపరిహారం కాదని, ఇబ్రాహీం విధేయతకు జ్ఞాపకమని, దేవుణ్ణి చేరేది మాంసమూ రక్తమూ కాదు, భక్తేనని మా ముస్లిం పొరుగువాళ్ళు చెబుతారు. వాళ్ళ నమ్మకం వాళ్ళది, దాన్ని లాక్కొచ్చి నా వాదానికి అతికించను. ఆ బేరంలో నేను చూసింది ఒక్కటే: పరీక్ష అంతా జీవానికే. కొనేవాడి గుణగణాలు అక్కడ ఎవరూ అడగరు.

లేవీయకాండం తీసి చూడండి. పాపపరిహారార్థ బలి తెచ్చేవాడు పాపి. కాకపోతే ఎందుకు తెస్తాడు? మచ్చ లేకుండా ఉండాల్సింది పశువు. వాడు దాని తల మీద చెయ్యి పెట్టి దాన్ని వధించాలి, అంతే. మనం దీన్ని తలకిందులు చేశాం. గొర్రెపిల్లను పాటల్లో పెట్టి మనుషుల పళ్ళు పట్టి చూస్తున్నాం.

మంచి శుక్రవారం నాటి ఏడు మాటల ఆరాధన ఇంకా ఘోరం. సిలువ మీద యేసు పలికిన రెండో మాట పక్క సిలువ మీది దొంగతో. వాడు చర్చి మొహం చూడలేదు, బాప్తిస్మం తీసుకోలేదు, కానుక వేయలేదు, చెడ్డ బతుకును సరిదిద్దుకోవడానికి ఒక్క పూట కూడా మిగల్లేదు. చేతులు కొయ్యకు బిగిసి ఉన్నాయి. చేయగలిగిందల్లా పక్కనున్నవాణ్ణి అడగడం. అడిగాడు, దొరికింది. మన ప్రసంగీకులు వాణ్ణి కూడా వదలరు. తోటి దొంగను గద్దించిన ధైర్యం, తప్పు ఒప్పుకున్న నిజాయితీ, దేవుడంటే భయం అంటూ ఒక్కో సుగుణం ఏరి, చివరికి వాణ్ణి కూడా అర్హుణ్ణి చేసి పరలోకానికి పంపిస్తారు. ఒక దొంగ ఉచితంగా లోపలికి వెళ్ళాడంటే వీళ్ళకు అంత కష్టం.

ఇది పాత జబ్బే. మనిషి తన సంకల్పబలంతోనే దేవుడి ఆజ్ఞలు నెరవేర్చగలడన్న పెలేగియస్ బోధను 418లో కార్తేజి సభ ఖండించింది. 1517లో లూథరు గొంతెత్తింది పాపశిక్ష తగ్గింపుకు పత్రాలమ్ముకునే వ్యాపారం మీద. మన దగ్గర పత్రాలు లేవు, విత్తనపు కానుకల కవర్లున్నాయి. వేయి, దీవెన కోయి అంటారు. వేసినా కోతకు రానివాడు తన విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోవాలి.

తెలుగు నేల మీద సువార్త ఎవరి దగ్గరకు ముందు పరుగెత్తిందో మరిచిపోయినవాళ్ళే ఇలా మాట్లాడతారు. 1876-78 కరువు నాటి ఒంగోలు గుర్తుందా? గింజల కోసం వస్తున్నారేమోనని అక్కడి మిషనరీ క్లౌ దొర కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయింది. జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. ఎక్కువమంది మాదిగలు. పోయిన జన్మలో చేసుకున్న పాపమే ఈ పుట్టుక అని తరతరాలుగా వినివిని అలసినవాళ్ళు. పుణ్యం లెక్క వాళ్ళ నెత్తిన బండై కూర్చుంది. ఆ లెక్కను సిలువ దగ్గర ఒకడు తన ఒంటి మీద వేసుకుని కొట్టేశాడని విన్నారు, వచ్చారు. వాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు పీఠాలెక్కి అదే పుణ్యం లెక్కను ఇంకో పేరుతో తిరిగి జనం నెత్తిన పెడుతుంటే నా కడుపు రగిలిపోతుంది.

మన హైదరాబాదులోనే బోధకుడు బక్త్‌సింగ్ ఉండేవాడు. కుర్రతనంలో బైబిలు చింపిన మనిషి. 1929లో కెనడాలో అదే పుస్తకం చదువుతూ కూలిపోయాడు. తర్వాత ఈ ఊళ్ళో హెబ్రోను సంఘం కట్టాడు. 2000 సెప్టెంబరులో పోయినప్పుడు జనం పోటెత్తారు. ఇప్పుడు ఆయన పేరెత్తితే మోకాళ్ళ మీద గడిపిన గంటలు, నిరాడంబరత ఇవే చెబుతారు. చింపిన పుస్తకం సంగతి చెప్పరు. ఆయన్ను నిలబెట్టిన కృప మొదలైంది అక్కణ్ణుంచే.

అయితే ఎలాగైనా బతకొచ్చా అని అడుగుతారు. పౌలునూ అడిగారు, గట్టిగా కాదన్నాడు. జక్కయ్య కథలో వరస చూడండి. ముందు యేసు నీ ఇంట్లో దిగుతానన్నాడు. సగం ఆస్తి పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాత. క్షమాపణ జక్కయ్య డబ్బుతో కొనుక్కున్నది కాదు. అలాగని దొరికాక డబ్బు దాచుకోనూ లేదు. సంఘం సొమ్ము మింగి, ఆడపిల్లల మీద చెయ్యేసి, దొరికిపోయాక కృప కృప అని అరిచే పెద్దమనుషులకు నా మాటల్లో నీడ దొరకదు. ముందు నాలుగింతలు తెమ్మనండి. పోలీసు స్టేషనుకు నడవమనండి.

ఇక ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం. వెనక వరసలో ఇళ్ళల్లో పాచిపని చేసే ఒకామె కూర్చుంటుంది. అందరూ లేచి ముందుకెళ్తారు, ఆమె లేవదు. రాత్రి మొగుడితో గొడవపడి నోరు జారిందట, యోగ్యత లేదట. అయోగ్యంగా తింటే రోగాలొస్తాయి, చస్తారు అని ఆమెను బెదిరించింది మనమే. కొరింథులో పౌలు ఆ హెచ్చరిక ఎవరికి చేశాడు? ముందొచ్చి కడుపునిండా తిని తాగి, లేనివాళ్ళను ఆకలితో నిలబెట్టి సిగ్గుపరిచినవాళ్ళకు. ఆ కత్తి మన మెడ మీద పెట్టుకోవాల్సింది పోయి ఆమె మెడ మీద పెట్టాం. అయ్యగారూ, వచ్చే బల్ల ఆదివారం రొట్టె, గిన్నె పట్టుకుని ఆమె వరస దగ్గరకు మీరే వెళ్ళండి. ఇన్నాళ్ళు భయపెట్టినందుకు అందరి ముందూ ఆమెను క్షమాపణ అడిగి, అప్పుడు ఇవ్వండి.