మధ్యలోకొచ్చిన బంతి ఎవరిది?

రాజోలు నించి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. అక్షరాలు కుదురుగానే ఉన్నాయి గాని మాట మాత్రం పచ్చి మిరపకాయ. "ఏవండీ, సినిమాలో ఇద్దరు హీరోలుంటే ఎవరికెన్ని సీన్లో లెక్కగట్టి మరీ రాస్తారు. మా అమలాపురం సాత్విక్ సాయిరాజ్ మీ కంటికి ఆనలేదా? ఆ జోడీలో మావాడు హీరో, ఆ బొంబాయి చిరాగ్ శెట్టి పక్కవాడు. ఔనని ఒక్క ముక్క రాయండి. ఇక్కడ మా బావకీ నాకూ పందెం పడింది" అంటాడు.

పందెం ఎంతో రాయలేదు. కోనసీమ పందాల సంగతి తెలిసినవాణ్ణి గనక నేనూ అడగను. కానీ తమ్ముడూ, ఆ ముక్క మాత్రం రాయలేను. నేనూ ఆ కొబ్బరిచెట్ల నీడన పెరిగినవాణ్ణే. సాత్విక్ పేరు వింటే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. అయినా రాయలేను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

ముందు మీవాడి గొప్ప చెప్పి తీరాలి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సొకాలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగం గంటకి 565 కిలోమీటర్లని గిన్నెస్ వాళ్ళు పుస్తకంలోకి ఎక్కించారు. అంతకుముందు రికార్డు 493. మన వందేభారత్ రైలు ప్రయాణికులతో ఎంత పరిగెత్తినా 160 దాటదు. ఇంకేం, మొదటి రీల్లోనే హీరో తలుపు బద్దలు కొట్టుకుని వచ్చేశాడు. హాల్లో ఈలలే ఈలలు!

అయితే అది కొలత కోసం కొట్టిన దెబ్బ, మ్యాచిలో కొట్టింది కాదు. మ్యాచిలో అవతల ఇద్దరుంటారు. షటిల్‌కి పదహారు ఈకలు, బరువు సుమారు అయిదు గ్రాములు. బ్యాటు వదిలిన క్షణం నించీ ఈకలకి గాలి అడ్డుపడి వేగం పడిపోతూనే ఉంటుంది. అవతలివాళ్ళు గట్టివాళ్ళయితే ఎంత స్మాష్‌నైనా తిరగ్గొడతారు. అలా తిరిగొచ్చిన షటిల్ నెట్టు మీద కాస్త ఎత్తుగా వస్తే, అక్కడ కాపుకాసి కిందికి పొడిచేవాడు చాలాసార్లు చిరాగ్. ఇంకో సంగతుంది. అసలు మీవాడికి స్మాష్ కొట్టే వీలు రావాలంటే అవతలివాళ్ళు షటిల్‌ని పైకి లేపాలి. ఊరికే ఎందుకు లేపుతారు? నెట్టు దగ్గరవాడు దారులన్నీ మూసేస్తే, గత్యంతరం లేక లేపుతారు. మనం ఈల వేసేది ఆ తర్వాత.

వీళ్ళిద్దర్నీ జత చేసింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్. అప్పటికి ఇద్దరూ వెనక నించి బాదేవాళ్ళే. ఇద్దరూ వెనకే నించుంటే ముందు ఖాళీ. ఎవడో ఒకడు ముందుకి నడిచి, బాదడం తగ్గించి, నెట్టు దగ్గరి సున్నితమైన పని నేర్చుకోవాలి. 1962లో 'గుండమ్మ కథ' నించి 2022లో 'ఆర్ఆర్ఆర్' దాకా హాలు బయట మనం తగువులాడుకున్నది "మావాడి సీన్లెన్ని?" అనే గదా. అలాంటిది, "నా సీన్లు తగ్గినా సరే, బొమ్మ ఆడాలి" అని ఒకడు ముందుకి నడిచాడు. వాణ్ణి పక్కవాడని ఎలా రాయను?

'ఆర్ఆర్ఆర్' హాళ్ళలో మోగుతున్న ఆ 2022లోనే, మే 15న బ్యాంకాక్‌లో మనదేశం మొదటిసారి థామస్ కప్పు గెలిచింది. ఇండోనేషియాతో ఆ ఫైనల్లో డబుల్స్ ఆడింది వీళ్ళే. మొదటి గేము 18-21తో పోగొట్టుకుని, 23-21, 21-19తో మ్యాచి లాక్కొచ్చారు. కానీ నా గుండెల్లో నిలిచిపోయింది దాని మరుసటి ఏడాది జకార్తాలో ఆడిన ఆట.

2023 జూన్ 18, ఆదివారం, ఇండోనేషియా ఓపెన్ ఫైనల్. ఏడాదికి నాలుగే జరిగే సూపర్ 1000 టోర్నమెంట్లలో అదొకటి. భారతదేశపు జంట ఏదీ అంతవరకు ఆ స్థాయి టైటిలు గెలవలేదు. అవతల మలేషియా జంట ఆరన్ చియా, సో వూయి యిక్, 2022 ప్రపంచ చాంపియన్లు. అంతకుముందు ఈ రెండు జంటలూ ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదీ మలేషియా వాళ్ళవే. ఒకే జోడీతో వరసగా ఎనిమిది ఫ్లాపులు తీసిన నిర్మాతకి తొమ్మిదో బొమ్మకి ఎవరైనా అప్పిస్తారా?

తొమ్మిదోసారి మనవాళ్ళు 21-17, 21-18తో గెలిచారు.

ఆ ఆటలో నేను స్మాషులు లెక్కపెట్టలేదు. ఒకడి చేతిలో పాయింటు పోయినప్పుడల్లా రెండోవాడి మొహం చూశాను. చెయ్యి చాపేవాడు, వాడు తాకేవాడు, తర్వాతి పాయింటుకి సిద్ధం. అంతే. ఆ చెయ్యి చూస్తుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

మా చిన్నతనంలో కోనసీమలో షటిల్ ఎక్కడిది? బయట ఆడదామంటే సముద్రపు గాలికి ఈకల బంతి కొబ్బరిచెట్టెక్కేది. మా ఆట బాల్ బాడ్మింటన్. పసుప్పచ్చ ఉన్ని బంతి, కర్ర బ్యాట్లు, బడి వెనక చదును చేసిన నేల. వరంగల్లు పిచ్చయ్యగారికి 1970లో అర్జున అవార్డు తెచ్చిపెట్టిన ఆట అది. మా మట్టుకు మేము చిన్న పిచ్చయ్యలమే అనుకునేవాళ్ళం, నేనూ నా జోడీగాడూ.

ఒక సంక్రాంతికి పక్క ఊళ్ళో పోటీలు పెట్టారు. కాలవ గట్టెమ్మట వాడు సైకిలు తొక్కుతుంటే, నేను వెనక రెండు బ్యాట్లూ పట్టుకుని కూచుని వెళ్ళాం. ఫైనల్ దాకా వచ్చాం. ఆఖరి పాయింటు. బంతి సరిగ్గా మా ఇద్దరి మధ్యకొచ్చింది. వాడు కొడతాడని నేను, నేను కొడతానని వాడు. బంతి నేల మీద పడి ఊరుకుంది.

అంత జనం ముందు బ్యాటు విసిరికొట్టి, "నీవల్లే పోయిందిరా. నీతో ఆడ్డం నా ఖర్మ!" అన్నాను. వాడు మాటాడలేదు. బ్యాటు తీసి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చాడు. తిరుగు దారిలో వాడు సైకిలు మీద ఒక్కడూ వెళ్ళాడు, నేను బస్సెక్కాను. మళ్ళీ మేం జోడీ కట్టలేదు. నేను ఉద్యోగమని ఊరు విడిచాను. వాడు అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారంలో పడ్డాడు. ఎనిమిదిసార్లు ఓడినవాళ్ళు కలిసే ఉన్నారు. ఒక్కసారి ఓడినందుకు మేం విడిపోయాం.

జకార్తా తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ అక్టోబరులోనే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారం, వెంటనే ప్రపంచ నంబర్ వన్ స్థానం. 2024లో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. మొదటి గేము 21-13తో గెలిచి, తర్వాతివి 14-21, 16-21తో పోగొట్టుకున్నారు. ఎవరికి? ఆ చియా, సోలకే! 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కన్నుమూశారు. అమలాపురంలో కొడుకుని ఈ ఆట వేపు నడిపించిన వ్యాయామ ఉపాధ్యాయుడాయన. ఆ ఆగస్టులో మళ్ళీ పారిస్, ఈసారి ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ చియా, సో. 21-12, 21-19తో మనవాళ్ళు గెలిచి, కంచు పతకంతో ఇంటికొచ్చారు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అంబాజీపేటలో దిగాను. కాయల రాశి పక్కన కుర్చీ వేసుక్కూచున్నాడు వాడు. జుట్టు నెరిసింది గాని నవ్వు మారలేదు. "ఆయ్, రండి రండి, దారి తప్పారేటండీ" అన్నాడు. ఆ 'అండీ' తగలాల్సిన చోటే తగిలింది. బొండాం కొట్టించిచ్చాడు. తాగి, ధైర్యం కూడదీసుకుని, "ఆ రోజు నేనలా అనుండకూడదురా" అన్నాను.

ఏ రోజని అడగలేదు వాడు.

"నువ్వు ఎడం పక్కనున్నావురా బావా. మధ్యలోకొస్తే నీ కుడిచేతి వాటం. ఆ బంతి నీదే" అన్నాడు.

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"జనం ఉన్నారు గదా" అన్నాడు.

కాబట్టి రాజోలు తమ్ముడూ, పందెం నువ్వు ఓడావు. డబ్బులు మీ బావకిచ్చెయ్. ఇద్దరూ కలిసి ఏదైనా బొమ్మకి వెళ్ళండి, ఇద్దరు హీరోలున్నదైతే మరీ మంచిది. ఇంటర్వెల్లో సోడా మాత్రం నువ్వే ఇప్పించు.